బోను దగ్గర ఎనిమిది నిమిషాలు

భూతద్దం మేడమ్ హాల్లోకి అడుగు పెట్టేసరికి రెండూ నలభై. మూడున్నరకి తీర్పు, నాలుగింటికి ఫైనల్. అంటే చేతిలో ఉన్నది సరిగ్గా యాభై నిమిషాలు. ఒక మనిషి దొంగో దొరో యాభై నిమిషాల్లో తేల్చమంటే ఎవరైనా దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. మేడమ్ వెళ్ళలేదు. మెడలోని స్టాప్‌వాచ్ తీసి, మీట నొక్కి, బెంచీ మీద పెట్టి, తనని పిలిపించిన మనిషి పక్కన కూర్చుంది. డిటెక్టివ్ పనిలోకి దిగి ఇరవై ఏళ్ళయినా ఆవిడ దగ్గర భూతద్దం ఎవరూ చూడలేదు. కళ్ళజోడు అద్దాలు అంత మందం, ఆ పేరు వాటి పుణ్యమే.

పిలిపించింది గడియారాల మేస్త్రీ భార్య. ఒళ్ళో నల్ల పెట్టె ఒకటి పెట్టుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు దాని మీద రెండు చేతులూ వేసి కూర్చుంది. పెట్టెలో భర్త రిమోట్ ఉంది.

హాల్లో జరుగుతున్నది రిమోట్ కార్ల డ్రిఫ్ట్ పోటీ. బొమ్మకార్లు అంటే ఆడేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది గనుక ఆ మాట అనకూడదు. కారు మూరెడు పొడవుంటుంది. చక్రాలకి రబ్బరు బదులు గట్టి ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి నున్నటి నేల మీద పట్టు దొరక్క జారిపోతుంది. ఆ జారుడిని అదుపులో పెట్టి, మలుపు మలుపుకీ కారుని పక్కకి వాలుస్తూ తీసుకెళ్ళడమే పోటీ. ముందు చేరినవాడు గెలవడం అంటూ ఏమీ లేదు. రెండు కార్లు జంటగా బయల్దేరతాయి. ముందుకారు గీసిన దారి తప్పకూడదు, వెనక కారు దానికి జానెడు దూరంలో అంటిపెట్టుకుని ఉండాలి గాని తగలకూడదు. తరవాత వంతులు మారతాయి. ఇద్దరికీ మార్కులు వేసేది రిఫరీ. ఆయన రిటైరైన డ్రిల్ మాస్టారు, ఈల ఇంకా మెళ్ళోనే ఉంటుంది.

పొద్దున సెమీఫైనల్లో మేస్త్రీకి ఎదురుపడింది సొంత బామ్మర్ది, అంటే ఈవిడ తమ్ముడే. దుకాణాలకి బోర్డులు రాసే పెయింటర్. పదకొండూ యాభై అయిదుకి ఆట ముగిసింది, బావ గెలిచాడు. పన్నెండూ పదికి రిఫరీ నాలుగు కార్లనీ ఇనప వల ఉన్న బోనులో పెట్టి తాళం వేశాడు. ఒంటి గంటా నలభైకి తెరిచి, ఫైనలిస్టులిద్దరినీ ఒక్కో చుట్టు తిప్పుకోమన్నాడు. మేస్త్రీ కారు మొదటి మలుపులోనే చలిజ్వరం వచ్చినట్టు వణికి, ముక్కు అటూ ఇటూ కొట్టుకుని, పోయి అడ్డుచెక్కకి గుద్దుకుంది. ఆయన రిమోట్ దించి, కారుకి ఏదో అయింది అన్నాడు. ఆ ఒక్క ముక్క చాలు, హాలంతా గుసగుసలు. క్లబ్బువాళ్ళు తమ డిటెక్టివ్‌ని దింపారు. అతను ఇరవై నిమిషాల్లో పెయింటర్ పేరు తేల్చేశాడు. బోనులో ఉన్న కారు మీద చెయ్యి వేస్తే ఈ ఆటలో క్షమాపణ లేదు. జీవితాంతం వెలి, పేరు రాసి గోడకి అంటిస్తారు.

ఇదంతా చెబుతూ చెబుతూ మేస్త్రీ భార్య ధ్యాసలో లేని చేత్తో బెంచీ మీది స్టాప్‌వాచ్ అందుకుని, మీట నొక్కి, ముల్లు సున్నాకి వచ్చాక తిన్నగా సర్ది పెట్టింది. నడుస్తున్న వాచీ అమ్మా అని మేడమ్ మొత్తుకుంటే, ఆవిడ నాలిక కరుచుకుని, పాడు అలవాటని చెంపలు వేసుకుంది. వాళ్ళ షాపులో ఏ పనిముట్టయినా సున్నాకి తిప్పాకే కింద పెట్టాలట. ముప్పై ఏళ్ళ నుంచి అదే పద్ధతి, పెళ్ళైన మర్నాడు మామగారు మొదట నేర్పిన పాఠమట. మేడమ్ గోడ గడియారం చూసి మళ్ళీ లెక్క సరిచేసుకుంది.

"వాడు ఆ పని చెయ్యలేదు మేడమ్," అంది ఆవిడ. "చెయ్యలేదని వాడు కూడా అనట్లేదు. అదే నా భయం. ఆయనా వాడూ నాకు రెండు కళ్ళు. ఈ మచ్చ పడితే ఆయన వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వరు. నేనెవరి వైపు నిలబడను?"

పెయింటర్ హాలు వెనక కార్లు సర్దుకునే గదిలో తన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. వేళ్ళ గోళ్ళ సందుల్లో ఇంద్రధనుస్సులో లేని రంగులు కూడా ఉన్నాయి. మేడమ్ ఎదురు స్టూలు లాక్కుంది. పన్నెండూ యాభైకి అతను రిఫరీని తాళంచెవి అడిగాడు. తన కారు బ్యాటరీ తీసుకోవాలన్నాడు. బ్యాటరీ తగిలించి వదిలేస్తే పాడైపోతుంది కాబట్టి, ఓడినవాళ్ళు తీసుకోవడం మామూలే, రిఫరీ ఇచ్చాడు. తాళంచెవి తిరిగి చేతికి వచ్చింది పన్నెండూ యాభై ఎనిమిదికి. బ్యాటరీ తియ్యడానికి ఎంతసేపు పడుతుందని మేడమ్ అడిగితే, ఒక నిమిషం అన్నాడు. మిగతా ఏడు నిమిషాలూ ఏమయ్యాయంటే తల దించుకున్నాడు.

మేడమ్ దారి మార్చింది. బల్ల మీద రంగు వెయ్యని కారు గుల్ల ఒకటి బోర్లించి ఉంది, గాజులా పారదర్శకంగా, గోరంత మందం కూడా లేకుండా. దీనికి రంగు ఎలా వేస్తారని అడిగింది. పాపం, అంతసేపూ నోట్లో నాలుక లేనట్టున్న మనిషికి అక్కడ మాట వచ్చింది. ఈ గుల్లలకి రంగు లోపలి వైపు వేస్తారట. గుద్దుకున్నా రాసుకున్నా బయటి ప్లాస్టిక్కే గీసుకుపోతుంది గాని రంగు చెక్కుచెదరదు. అందుకని అంతా వెనక నుంచి ముందుకి చెయ్యాలి, అంకె తిరగేసి రాయాలి, పైన కనబడేది మొదట వెయ్యాలి. ఎరుపు వేస్తే దాని వెనక వెండి రంగు పూత కొట్టాలి, లేకపోతే ఎరుపు వెలవెలబోతుంది. బావ కారుకి ఎరుపు మూడు పూతలు వేశానని, దాని వెనక వెండి రెండు పూతలని, ఎండడానికి నాలుగు రోజులు పట్టిందని చెప్పేటప్పుడు అతని మొహం చూస్తే కన్నకూతుర్ని పెళ్ళికి ముస్తాబు చేసినవాడిలా ఉన్నాడు. వీడా ఆ కారుకి హాని చేసింది, అనుకుంది మేడమ్. కాని అనుకోవడం వేరు, తేల్చడం వేరు.

బోను దగ్గర మేడమ్‌కి సొంత మరిది ఎదురయ్యాడు. క్లబ్బు పెట్టుకున్న డిటెక్టివ్ ఎవరో మేడమ్‌కి చెప్పక్కర్లేకపోయింది. పోయిన భర్తకి తమ్ముడు, అన్న దగ్గరే పని నేర్చుకుని, అన్న పోయిన ఏడాదికే ఇంకో వీధిలో సొంత బోర్డు పెట్టాడు. వెనక నుంచి చూస్తే అచ్చం అన్నే. ఆ వీపు చూసినప్పుడల్లా మేడమ్‌కి ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది. ఇటు తిరిగి నోరు విప్పగానే ఆ బాధ తీరిపోతుంది.

"ఆలస్యంగా వచ్చావు వదినా. పిండివంటలయ్యాక విస్తరి వేసినట్టుంది."

"నువ్వు వండినవి ఉడికాయో లేదో చూద్దామని వచ్చాను మరిదిగారూ."

అతను వేళ్ళు మడిచి చెప్పుకొచ్చాడు. పొద్దున ఓడాడు, అదొక కసి. తాళంచెవి అతని చేతిలో ఎనిమిది నిమిషాలుంది, అదొక అవకాశం. ఏడు నిమిషాలకి లెక్క చెప్పడు, అదొక దొంగతనం. అన్నిటికన్నా పైన, బోను అడుగున మేస్త్రీ కారు పెట్టినచోట దొరికిన ఎర్రటి రంగు పెచ్చు. గుల్ల బలవంతంగా ఊడదీసినప్పుడు రాలింది అన్నాడు, చిన్న కవరులో వేసి చూపిస్తూ. ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు, మరి నేను పట్టాను కదా అని ఒక నవ్వు.

మేడమ్ కవరు దీపం కిందికి తీసుకెళ్ళి పెచ్చుని అటూ ఇటూ తిప్పింది. ఆ తరవాత మేస్త్రీ కారు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. గుల్ల కారుకి నాలుగు చిన్న పిన్నులతో బిగించి ఉంటుంది. పిన్నుల మీదుగా కాగితం టేపు, టేపు మీద రిఫరీ సంతకం. సంతకం సగం టేపు మీద ఉంది, తోక గుల్ల మీదికి పాకింది.

"ఈ కారు గుద్దుకున్నాక ఎవరైనా విప్పారా?"

లేదు, రిఫరీ ముట్టుకోనివ్వలేదు అన్నాడు మరిది.

"అయితే చూడు. ఈ టేపు పీకి మళ్ళీ అంటిస్తే సంతకం గీతలు వెంట్రుకవాసైనా పక్కకి పోతాయి. ఇక్కడ గీత గీతలాగే ఉంది. ఇక నీ పెచ్చు. ఈ గుల్లలకి రంగు లోపల వేస్తారు, బయట నుంచి గునపంతో పొడిచినా రాలదు. లోపల్నుంచి రాలిందే అనుకుందాం, ఎరుపు వెనక వెండి పూత ఉండాలి. నీ పెచ్చు రెండువైపులా ఎరుపే. వెళ్ళి ఆ పెయింటర్ గోళ్ళు చూడు, అలాంటివి ఇంకో పది దొరుకుతాయి. బ్యాటరీ తీసుకునేటప్పుడు రాలింది."

మరిది మొహం కాస్త మాడింది. అయినా ఓడిపోయేరకం కాదు. సరే, కారు ఎవరూ ముట్టుకోలేదు, మరి ఎందుకు వణికింది వదినా, నిప్పు లేకుండా పొగ వస్తుందా అన్నాడు. మూడున్నరకి రిఫరీకి కావాల్సింది ఆ జవాబే, అది నీ దగ్గర లేకపోతే నా రిపోర్టే నిలబడుతుంది అని కూడా అన్నాడు. అది మాత్రం నిజం. అప్పటికి రెండూ యాభై ఎనిమిది.

మేస్త్రీ కిటికీ పక్కన ఒంటరిగా ఉన్నాడు. అరవై నాలుగేళ్ళు, ఇస్త్రీ చొక్కా, చెయ్యి తిరిగిన పనివాడికి ఉండే నిదానం. టీ తాగుతున్నాడు. మేడమ్ అడిగినదానికల్లా మర్యాదగా జవాబు చెప్పాడు. బామ్మర్ది చేశాడని తను అనలేదని, అనబోనని, కాని చెయ్యలేదని వాడి నోటితో ఒక్కసారి వినాలని ఉందని చెప్పాడు. చెప్పినంతసేపూ గ్లాసు ఎడం చేతిలోనే ఉంది. కుడి చెయ్యి ప్యాంటు జేబులోంచి బయటికి రాలేదు. ఎడంచేతి వాటమేమో అనుకుందామంటే గడియారం ఎడమ మణికట్టుకే ఉంది.

ఈ ఆట అంటే అంత ఇష్టమేమిటండీ అని మేడమ్ మామూలుగా అడిగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"కారు నడిపేటప్పుడు నా చెయ్యి కుర్రాడి చెయ్యిలా ఉంటుందమ్మా. మిగతా వేళల సంగతి అడక్కు."

మేడమ్ అడగలేదు. లేచి రిఫరీ దగ్గరికి వెళ్ళి, ఒక చిన్న పరీక్ష చెయ్యాలి, ఎవరికీ తెలియకూడదు అంది. కారునీ, మేస్త్రీ భార్యని అడిగి తీసుకున్న రిమోట్‌నీ వెనక వరండాలోకి పట్టించింది. రిఫరీ చేత నడిపించింది. రిమోట్ పిస్తోలు ఆకారంలో ఉంటుంది. ఎడంచేతి వేలితో ట్రిగ్గర్ నొక్కితే వేగం, కుడి చేత్తో పక్కనున్న చిన్న చక్రం తిప్పితే దిశ. డ్రిల్ మాస్టారు నడిపాడు, కారు కాస్త చురుగ్గా, కాని చక్కగా జారుతూ పోయి వచ్చింది. వణుకూ లేదు, తిణుకూ లేదు. మాస్టారు నోరు తెరిచాడు. కారు బాగానే ఉందే అన్నాడు. ఉంది, అంది మేడమ్, మూడున్నర దాకా ఆ మాట కడుపులో పెట్టుకోండి.

ఒక చేతిలో వణికి, ఇంకో చేతిలో వణకని కారులో జబ్బు ఉండదు. ఆ మాట మేడమ్ మనసులోకి రాగానే మిగతాదంతా గబగబా వచ్చింది, జేబులో దాగిన చెయ్యితో సహా. కాని పొద్దున సెమీఫైనల్ దాకా అదే చెయ్యి కారుని అంత ఒద్దికగా ఎలా నడిపింది? ఆవిడ రిమోట్‌ని కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని అంగుళం అంగుళం చూసింది. పక్కన మూడు చిన్న నాబ్‌లు. మధ్యదాని అంచున గుండుసూది తలంత తెల్లటి చుక్క, చేతితో పెట్టింది, పనితనం తెలిసిన కుంచెతో. చుక్క నలభై దగ్గర ఉంది. నాబ్ ముల్లు సున్నా మీద ఉంది.

ఈ నాబ్ దేనికని రిఫరీని అడిగింది. ఎవరి ఇష్టం వాళ్ళది, దేనికి కావాలంటే దానికి పెట్టుకోవచ్చు అన్నాడాయన. రిమోట్ తెర మీద నొక్కి చూసి, ఇది చక్రం మెత్తదనానికి పెట్టారు అన్నాడు. సున్నాలో ఉంటే చక్రం ఏ కాస్త కదిలినా కారుకి తెలిసిపోతుంది. పైకి తిప్పేకొద్దీ చిన్న చిన్న కదలికలు కారుదాకా పోవు, పెద్ద మలుపులే పోతాయి. నిబంధనల్లో తప్పేం లేదట.

సున్నా. మేడమ్ కళ్ళు మూసుకుంది. పన్నెండూ పది నుంచి ఒంటి గంటా ముప్పై అయిదు దాకా ఈ రిమోట్ ఉన్నది నల్ల పెట్టెలో, పెట్టె ఉన్నది ఒకరి ఒళ్ళో. ఏ పనిముట్టయినా సున్నాకి తిప్పాకే కింద పెట్టే మనిషి ఒళ్ళో. ఈ కేసులో నేరస్తురాలు తనని పిలిపించిన మనిషే. పైగా ఆ పాపం ఎరగదు.

మూడూ పన్నెండుకి మేడమ్ మళ్ళీ పెయింటర్ ముందు కూర్చుంది. తలుపు దగ్గరగా వేసింది. రిమోట్ బల్ల మీద పెట్టి, తెల్ల చుక్క మీద వేలు ఆనించింది. అతను చుక్కనీ సున్నా మీది ముల్లునీ చూసి, మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

అప్పుడు చెప్పాడు. ఎనిమిది నెలల కిందట బావ చేతిలో స్క్రూడ్రైవర్ వణకడం చూశాడు. ఇతను చూడలేదనే బావ అనుకున్నాడు. ఆ వారమే రిమోట్ బాగుచేస్తానని తీసుకెళ్ళి ఆ నాబ్ అమర్చి ఇచ్చాడు. మొదట పది, తరవాత ఇరవై, ఈ నెలలో నలభై. బావకి తెలియకుండా పెంచుకుంటూ వచ్చాడు. కారు చక్కగా నడిచిన రోజు బావ భుజం తట్టి, చూశావురా, చక్రం పట్టుకుంటే చెయ్యి మాట వింటుంది, ఇదింకా చావలేదు అని మురిసిపోయేవాడట.

"ఆయనకి మిగిలిందదొక్కటే మేడమ్. అది నాబ్ వల్ల అని ఎలా చెప్పను? గడియారాలు ఇచ్చేవాళ్ళు సగం మంది ఈ హాల్లోనే ఉన్నారు. వణికే చేతికి ఎవరిస్తారు? నన్ను వెలివెయ్యనివ్వండి. బోర్డులు రాసుకు బతుకుతాను."

మరి ఆ ఏడు నిమిషాలూ అని మేడమ్ మెల్లగా అడిగింది.

"పొద్దున ఆయన వెనకే జానెడు దూరంలో నడిపాను కదా. నలభైలో ఉన్నా కారు వణకడం కనబడింది. గెలవాలనే ఆడాను, ఆయనే బాగా ఆడాడు, అది వేరే సంగతి. బ్యాటరీ తీశాక ఆ ఎర్ర కారు ముందు కూర్చుని ఏడ్చాను. యాభై రెండేళ్ళవాణ్ణి, అది రిపోర్టులో రాయమంటారా?"

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడవాల్సింది అద్దాలు కావు గాని, మనిషికి పరువంటూ ఒకటి ఉంటుంది కదా. నిజం చెబితే బావ చెయ్యి బజారున పడుతుంది. చెప్పకపోతే ఇతని పేరు గోడకెక్కుతుంది. ఇరవై ఏళ్ళలో ఎన్నో ముడులు విప్పింది గాని, విప్పితే గొంతుకి బిగుసుకునే ముడి ఇదే మొదలు. మూడూ ఇరవై ఒకటి అయింది. ఆలోచిస్తూ తల తిప్పేసరికి, దగ్గరగా వేసిన తలుపు బారెడు తెరిచి ఉంది.

గుమ్మంలో మేస్త్రీ. ఆయన వెనక నల్ల పెట్టెతో ఆయన భార్య. చెయ్యలేదని వాడి నోటితో వినాలని వచ్చారు, వినకూడనివన్నీ విన్నారు. ఆవిడ చూపు బల్ల మీది రిమోట్ మీద, ఆ నాబ్ మీద నిలిచిపోయింది. ఎవరూ ఏమీ అనకముందే ఆవిడకి అర్థమైపోయింది. గోడకి ఆనుకుని, నేనే తిప్పాను, ఎప్పుడూ ఆయన సర్దుకునే పెట్టె ఇవాళ నేను సర్దుతూ తిప్పాను అంది.

పెయింటర్ లేచి నిలబడ్డాడు. బావ మొహం చూడలేక నేల చూశాడు. కారు నడిపేటప్పుడు కుర్రాడిదై ఉండే చెయ్యి ఇప్పుడిక లేదు, ఆ సంగతి ఆయన మొహంలో ఒక్కో గీతగా దిగడం మేడమ్ చూసింది. ఆ తరవాత ఆయన కుడి చెయ్యి జేబులోంచి తీశాడు. ఆకులా వణుకుతోంది. ఆ చేత్తోనే బామ్మర్ది మెడ పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"వెధవా," అన్నాడు. "నా వణుకుని ఎనిమిది నెలలు నువ్వు మోశావట్రా."

ఎవరు ఆపేలోపే హాల్లోకి నడిచాడు. మూడూ ఇరవై ఎనిమిదికి రిఫరీ బల్ల మీది మైకు తీసుకున్నాడు. ఎడం చేత్తో తీసుకోవచ్చు, కుడి చేత్తోనే తీసుకున్నాడు, మైకు గడగడలాడడం హాలంతా వినబడింది.

"అందరికీ ఒక మాట. కారుకి ఏమీ కాలేదు. నా చెయ్యి వణుకుతోంది, ఎనిమిది నెలలైంది. నా బామ్మర్ది అది కారుకి తెలియకుండా చూశాడు. మా ఆవిడ తెలియక నాబ్ తిప్పింది. ఇందులో దొంగ ఎవరూ లేరు. గడియారాలు ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకుంటామంటే రేపు పొద్దున షాపు తెరిచే ఉంటుంది."

ఈల వేసే డ్రిల్ మాస్టారుకి కూడా ఈల గుర్తురాలేదు. మూడో వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఎవరా అని చూస్తే మరిది. జేబులోంచి రిపోర్టు తీసి నాలుగు మడతలు పెట్టి చింపి, వదిన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అన్నయ్యుంటే ముందు ఆ చేతిని చూసేవాడు కదూ అన్నాడు, నెమ్మదిగా. నువ్వూ చూస్తావులే, తాళంచెవులు చూడ్డం కాస్త తగ్గించుకో అంది మేడమ్. కాని అతని భుజం మీద చెయ్యి వేసి అంది, అన్న పోయాక మొదటిసారి.

వెలి మాట కొట్టేశామని, ఫైనల్ కావాలంటే వాయిదా వేస్తానని రిఫరీ అన్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. రిమోట్ తెచ్చి బామ్మర్ది చేతిలో పెట్టి, ఎంతలో పెట్టాలో నువ్వే పెట్టు, కాకపోతే ఈసారి నా కళ్ళెదుట పెట్టు అన్నాడు. పెయింటర్ ముక్కు ఎగబీలుస్తూ యాభై అయిదులో పెట్టాడు.

ఎదుటి పోటీదారు పళ్ళ డాక్టరు తన కారు తిప్పి చూసుకుంటున్నాడు. గీత దగ్గర నిలబడ్డ మేస్త్రీ పక్కకి ఆయన భార్య వచ్చింది. దాటలేని ఏరు దాటబోతున్నదానిలా ఒక్కసారి ఊపిరి పీల్చింది.

"నేనూ ఒకటి దాచానండీ. మీ చెయ్యి సంగతి నాకు ముందే తెలుసు. మీరు బాగుచేసిన గడియారాలన్నీ తెల్లవారుజామున మళ్ళీ విప్పి నేను సరిచేస్తున్నాను."

మేస్త్రీ ఆవిడ వైపు తిరగలేదు. కారు మీదే చూపు.

"తెలుసు. స్క్రూ బిగించడంలో ఒక్కో చేతిది ఒక్కో తీరు. నువ్వు ఆఖరున వెంట్రుకంత వెనక్కి వదులుతావు. నువ్వు సరిచేసినవన్నీ నేనూ విప్పి చూశాను, ఒక్కటి కూడా వదలకుండా. దేన్నీ మళ్ళీ ముట్టుకునే పని పడలేదు. మా నాన్న కూడా అంత బాగా చేసేవాడు కాదు."

ఆవిడ నల్ల పెట్టె చంకలో సర్దుకుంది.

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

"అంటే నువ్వు మానేస్తావేమోనని."